అత్తయ్య బీరువా

మే 19
బీరువా వరండాలోకి వచ్చింది. చట్రం టేకు, పలకలు మామిడి. పెయింటరు చూసి, "పాత రంగు మీదే రెండు కోటింగులు కొట్టేద్దామమ్మా" అన్నాడు. మూల దగ్గర గోటితో గీరాను. రేకులు రేకులుగా లేచొచ్చింది. కిందిదే నిలవకపోతే పైది దేన్ని పట్టుకుంటుంది? పంపించేశాను.
అత్తయ్య గదిలోంచి బయటికి రాలేదు.

మే 20
పిడులు, గొళ్లెం విప్పాను. స్క్రూలు ఊరగాయ సీసా మూతలో. పిడి చుట్టూ నల్లటి జిడ్డు. ఇన్నేళ్ల కొబ్బరినూనె చేతులు. ముందది వదలాలి. దాని మీదే ఉప్పు కాగితం పెడితే నూనె చెక్కలోకి ఇంకుతుంది, ఇక రంగు పట్టదు. సబ్బునీళ్లు, మంచినీళ్లు, పొడిగుడ్డ.
"బాగానే ఉందిగా ఇన్నాళ్లూ" అన్నారు అత్తయ్య, వీధికేసి చూస్తూ.

మే 22
ఈ రంగు ఏనాటిదో. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమలైందే 2017 నవంబరులో. ఇది అంతకు చాలా ముందుది. చంటిది పాకుతోంది. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా దాని నోట్లోకే. వాటర్ పేపరు తడిపి రుద్దాను, ముక్కుకి మాస్కు. మడ్డి మడ్డిగా వచ్చింది. గుడ్డలతో సహా కవర్లో మూట కట్టాను.
పచ్చ కింద గోధుమ. గోధుమ కింద మళ్లీ పచ్చ. ఎవరు వేయించారో? అడగాలనిపించలేదు.

మే 26
కింది అరలో సన్నటి పొడి. పుచ్చు. మామిడి పలకకే, టేకు జోలికి పోలేదు. గుండుసూది దూరేంత కన్నాలు. సిరంజితో మందెక్కించి, కింద నల్ల కాగితం పరిచాను. మళ్లీ రాలితే తెలుస్తుంది.

మే 29
80 నంబరు ఉప్పు కాగితం అయింది, 120 నడుస్తోంది. చార వెంటే రుద్దాలి. అడ్డంగా పోతే ఆ గీతలు రంగులోంచి కూడా కనిపిస్తాయి. నునుపైపోయిందనుకున్నా. అత్తయ్య వచ్చి అరచేత్తో నిమిరారు. "ఇక్కడ." కంటికేమీ లేదు. లోపలికెళ్లి పాత వాయిలు చీర ముక్క తెచ్చి పలక మీద లాగారు. పోగు అక్కడే తగులుకుంది.
ఎక్కడ నేర్చుకున్నారు?

జూన్ 2
నల్ల కాగితం మీద పొడి లేదు. కన్నాలకి లప్పం. ఆరాక కుంగింది, మళ్లీ పెట్టాను.
తలుపు లోపలివైపు పెన్సిలు లెక్కలు. పాలు, కిరసనాయిలు, చాకలి పద్దు. మామయ్యగారి రాతలా లేదు.
"అది ముట్టుకోకు" అన్నారు. ముట్టుకోలేదు.

జూన్ 9
వాన. సొరుగు ఉబ్బి బిగుసుకుపోయింది. ఈ చెమ్మలో ప్రైమరు వేస్తే తడి లోపలే ఉండిపోయి పొక్కులొస్తాయి. డబ్బా మూత తియ్యలేదు. ఈయనకి తొందర. "ఇంకెన్నాళ్లీ వరండా?"
"చెక్క ఆరాలిగా!" జవాబు నాది కాదు, అత్తయ్యది.

జూన్ 16
ఎండ కాస్తోంది. సొరుగు తేలిగ్గా వచ్చింది. ప్రైమరు పల్చగా ఒక చెయ్యి. ఆరాక చెక్క నూగు లేచింది. 220తో పైపైన, బలం పెట్టకుండా. అత్తయ్య ఒక తలుపు, నేనొక తలుపు.

జూన్ 18
షేడ్ కార్డు తెమ్మన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని మధ్యాహ్నమంతా చూశారు. చిలకపచ్చట. ఈయనకి నచ్చదు.
ఎవరడిగారు ఈయన్ని?