మాత్ర ఎవరి కోసం?

మా తొమ్మిదేళ్ళ కుమారునికి ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపం, అతిచలనం ఉన్నట్లున్నదని, మందు మొదలుపెట్టనిదే తరగతిలో ఉంచుకోవడం కష్టమని పాఠశాలవారు చెప్పారు. దాదీ దృష్టిలో అది నజర్. బంధువుల దృష్టిలో అతిగారాబం. మా సందేహం ఒక్కటే: ఈ మాత్ర పిల్లవాడి కోసమా, పాఠశాల సౌకర్యం కోసమా?

దీనిని నిర్ధారించే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. లక్షణాలు పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. కనీసం ఆరు నెలలుగా, ఒకటికి మించిన చోట్ల కనిపిస్తూ ఉండాలి. అందువల్ల పిల్లల మానసిక వైద్యురాలు పాఠశాల మాటతో తృప్తిపడలేదు. నిద్ర, చూపు, వినికిడి గురించి అడిగారు. మక్తబ్ ఉస్తాద్‌గారి అభిప్రాయం కూడా తెలుసుకు రమ్మన్నారు. పిల్లవాడు సూరాలను చకచకా కంఠస్థం చేస్తాడనీ, అదీ అటూ ఇటూ నడుస్తుంటేనే చేస్తాడనీ, కూర్చోబెడితే వేలు పెట్టి చదువుతూ కూడా వరుస తప్పుతాడనీ ఉస్తాద్‌గారు అన్నారు. పూరించిన ప్రశ్నాపత్రాలన్నింటికన్నా ఆ మాటే మాకు ఎక్కువ ఉపకరించింది.

"నేను విందామనే కూర్చుంటాను అబ్బా, నా తలే లేచి వెళ్ళిపోతుంది" అన్నాడు వాడు ఒక రాత్రి. బాధ పడుతున్నది పాఠశాల మాత్రమే కాదని అప్పుడు స్పష్టమయింది.

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించి ఉన్నారు గనుక, మందు తవక్కుల్‌కు విరుద్ధమన్న వాదన మమ్మల్ని కలవరపెట్టలేదు. కలవరపెట్టింది ఆ మందే. మిథైల్‌ఫెనిడేట్ 1944లోనే తయారైనది. కానీ అది ఉత్తేజక ఔషధం, మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నది. అలాంటిది హరాం కాదా అని ఒకరు అడిగారు. చట్టం నియంత్రించడం వేరు, మత్తు కలిగించడం వేరు; వైద్యులు సూచించిన మోతాదులో అది పిల్లవానికి మత్తు కలిగించదు. ఆకలి మందగించడం, నిద్ర చెడటం, గుండె వేగం, రక్తపోటు కొంత పెరగడం మాత్రం ఉపేక్షించదగినవి కావు.

మొదట మూడు నెలలు మందు లేకుండానే ప్రయత్నించాము. ముందు బల్లపై చోటు ఇప్పించాము, ఒకసారికి ఒక పనే చెప్పాము. ఇంట్లో తగవులు తగ్గాయి. రాత మాత్రం కదలలేదు. ఇస్తిఖారా చేసి, తక్కువ మోతాదుతో ఆరంభించాము.

ఇప్పటికి ఐదు వారాలు. నోటుపుస్తకంలో పుటలు పూర్తవుతున్నాయి. అన్నం డబ్బా సగం అలాగే తిరిగి వస్తోంది. ప్రతి జుమా నాడు తూకం వేస్తున్నాము. రానున్న రంజాన్‌లో రోజా ఉంటానని వాడు పట్టుబడుతున్నాడు. వాడిపై అది ఇంకా ఫర్జ్ కాదు, పైగా ఆకలి అసలే తగ్గింది. సహరీలో మాత్ర వేస్తే బడివేళకు దాని ప్రభావం ఎంత మిగులుతుందో వైద్యురాలిని అడగాలని రాసి పెట్టుకున్నాము.