ఒక చెంచా ఇంజన్ ఆయిలు

మొన్న వేసవిలో రావులపాలెం దాటాక మా కారు పొగలు కక్కి ఆగిపోయింది. రేడియేటర్ గొట్టం చిట్లి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. హెడ్ గ్యాస్కెట్ పోయిందని తేలింది. మెకానిక్ అడిగిన డబ్బు విని మా వారు "నేనే విప్పుతాను" అన్నారు. పెళ్ళికి ముందు వాళ్ళ బాబాయిగారి షెడ్డులో రెండేళ్ళు పనిచేసిన మనిషి లెండి. సాయానికి మా అబ్బాయి. వాడు ఇంటర్ లెక్కలు తప్పి, ఇంట్లో ఎవరి కంటా పడకుండా తిరుగుతున్న రోజులవి.

హెడ్‌ని లేత్ షాపుకి తీసుకెళ్ళి చదును చేయించారు. పనిలో పనిగా వాల్వులు కూడా గ్రైండింగ్ చేయించారు. కొత్త గ్యాస్కెట్ పెట్టి బోల్టులు బిగించే పని మాత్రం వాడికిచ్చారు. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి వస్తూ, కొంచెం కొంచెంగా బిగించాలిట. వాడు పుస్తకంలో అంకెలు చూసుకుంటూ బిగించాడు.

తీరా తాళం తిప్పితే ఇంజన్ అందుకోదు. అందుకున్నా జ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోతుంది.

"బోల్టులు నువ్వేగా బిగించావు. ఒక్క పనైనా సరిగ్గా చెయ్యవా?" అన్నారు ఈయన. వాడు కంచంలో అన్నం వదిలేసి లేచిపోయాడు. నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను. బి.ఏ. తెలుగులో సంధులన్నీ చదివాను గానీ తండ్రీకొడుకుల మధ్య పనికొచ్చే సంధి ఒక్కటీ లేదండీ!

ఐదో రోజు వాడే కంప్రెషన్ గేజి అరువు తెచ్చాడు. "అమ్మా, నువ్వు సీట్లో కూర్చో" అన్నాడు. స్పార్క్ ప్లగ్గులన్నీ పీకేసి, కాయిల్ తీగ తీసేశాడు. నేను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి తాళం తిప్పాలి. 150 అయినా దాటాలిట. మూడు సిలిండర్లకీ వచ్చినవి 85, 90, 85. లెక్కల నోటు వెనక అట్ట మీద రాసుకున్నాడు.

"గ్యాస్కెట్ అయితే పక్కపక్కన ఉన్న రెండిట్లోనే పడిపోవాలి కదమ్మా. మూడూ ఒకేలా ఎందుకు తగ్గాయి?" అన్నాడు. నన్నడిగితే నాకేం తెలుసు! తర్వాత నా వంటింటి చెంచాతో (ఆ చెంచా మళ్ళీ లోపలికి రానివ్వలేదు) ఒక్కో సిలిండర్లో ఇంజన్ ఆయిలు పోసి మళ్ళీ తిప్పించాడు. రింగులు అరిగిపోయి ఉంటే ఆయిలు ఆ సందు మూసేసి అంకె పెరుగుతుందిట. పెరగలేదు. టైమింగ్ బెల్టు గుర్తులు చూశాడు, సరిగ్గానే ఉన్నాయి.

అప్పటిదాకా అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని వింటున్న ఈయన ఆ పేపరు మడిచేశారు. "టాపెట్లు..." అన్నారు మెల్లగా.

వాల్వులు గ్రైండింగ్ చేశాక అవి సీటింగులో కాస్త లోపలికి కూర్చుంటాయిట. వాటి తోకలు ఆ మేరకు పైకి లేచి, రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఉండాల్సిన సందు పోతుంది. ఇక వాల్వు పూర్తిగా మూసుకోదు, గాలి జారిపోతూనే ఉంటుంది. ఆ సందు మళ్ళీ సరిచెయ్యాలి. రాకర్లు బిగించింది ఈయన. సరిచెయ్యడం మరిచిపోయిందీ ఈయనే.

ఆరు వాల్వుల్లో ఒక్కదాని దగ్గరా ఫీలర్ గేజిలో అతి పల్చటి రేకు కూడా దూరలేదు. ఒక్కోటీ వదులు చేసి, రేకు పెట్టి చూసి, నట్టు బిగించేసరికి చీకటి పడింది. టార్చి పట్టుకున్నది నేనే. మళ్ళీ తాళం తిప్పాను. 160, 165, 160.

ప్లగ్గులు పెట్టాక ఒక్క తిప్పుకే అందుకుంది. మా అబ్బాయి ఏమీ అనలేదు. "చూశారా నాన్నా" అని ఒక్క మాటంటాడేమోనని నేను భయపడుతూనే ఉన్నాను. అనలేదు. ఈయన చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, వాడి ముఖంలోకి చూడకుండా, "ఆ అంకెలు అట్ట మీద కాదురా, లోపల పేజీలో తేదీ వేసి రాయి" అన్నారు.