చిన్నమ్మ సంతకం

మాది నగరి. మరమగ్గాల చప్పుడు ఆగితే నిద్రపట్టని ఊరు. పెద్ద జబ్బు చేస్తే తిరుత్తణి మీదుగా చెన్నై బస్సెక్కుతాం. చిన్నమ్మా అలాగే వెళ్ళింది. మెడకింద గడ్డలు, రాత్రిళ్ళు చీర తడిసేంత చెమట. టీ-సెల్ లింఫోమా అన్నారు. లింఫోమాల్లో ఇది అరుదైన రకం. నాలుగు మందులు కలిపి ఇచ్చే 'చాప్' చికిత్స జరిగింది. అందులో విన్‌క్రిస్టిన్ మన బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందేనంటే నవ్వింది. ఏడాది తిరక్కుండా గడ్డలు మళ్ళీ వచ్చాయి.

అప్పుడు డాక్టరు ఒక ప్రయోగం గురించి చెప్పారు. రెండు కొత్త మందులు కలిపి ఇస్తారట, ఇంకా మొదటి దశే. చెప్పింది మాత్రం చిన్నాయనకి. కాగితాలు ఇంగ్లీషులో, తమిళంలో ఉన్నాయి. చిన్నమ్మకి చదవొచ్చింది తెలుగే. చిన్నాయన పెన్ను తీశాడు.

"మందు నా వొంట్లోకి గదా పొయ్యేది? నాకు చెప్పండి సార్" అంది చిన్నమ్మ.

మొదటి దశలో ముఖ్యంగా చూసేది జబ్బు నయమవుతుందా అని కాదు, ఎంత మోతాదుని శరీరం తట్టుకోగలదని. కొద్దిమందితో మొదలుపెట్టి, హాని గమనిస్తూ పెంచుతారు. రెండు మందులు కలిస్తే ఒకదాని దుష్ఫలితం రెండోదాంతో పెరగొచ్చు. ఆశ లేదని కాదు. హైదరాబాద్ ఇన్‌కోజెన్, దాని మాతృసంస్థ రైజెన్ రూపొందించిన టెనాలిసిబ్‌ని రోమిడెప్సిన్‌తో కలిపి అమెరికాలో 33 మంది టీ-సెల్ లింఫోమా రోగులకి ఇచ్చారు. ఫలితం లెక్కించగలిగిన 27 మందిలో 17 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. మిగతా పదిమందీ సమ్మతించినవాళ్ళే కదా!

మన దేశంలో 2019 నిబంధనల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. తెలివిలో ఉన్న భార్య తరఫున భర్త సంతకం చెల్లదు. కానీ ఆ గదిలో ఈ మాట గుర్తుచేయాల్సి వచ్చింది చిన్నమ్మే.

తెలుగు తెలిసిన నర్సుని పిలిచారు. గంటసేపు చదివి చెప్పింది. చిన్నమ్మ మూడే అడిగింది. మధ్యలో ఆపొచ్చా? ఏమన్నా ఐతే ఖర్చెవరిది? మగ్గం పని ఎన్నాళ్ళు పోతాది? ఆ రాత్రి ఆలోచించుకుని, పొద్దున కూడబలుక్కుంటూ తెలుగులో పేరు రాసింది.

రెండు విడతల తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయాయి. చాలిస్తానని కూడా తనే చెప్పింది. ఆరు నెలలకి, నగరిలో, తన మంచమ్మీదే పోయింది.

పెళ్ళి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, ఇంటిస్థలం అమ్మకం... ఆమె బతుకులో నిర్ణయాలన్నీ ఇంకెవరో చేసినవే. ఆ కాగితం మీది సంతకం మాత్రం ఆమెది.