గడ్డ పక్కనున్న లివర్

మా తాడేపల్లిగూడెం బాబాయ్‌కి హైదరాబాద్‌లో లివర్ కేన్సర్ ఆపరేషన్ అయింది. గడ్డ ఉన్న ముక్క కోసి తీసేశారు. ఆయన జన్మలో మందు ముట్టలేదండీ! కారణం హెపటైటిస్-బి. ఎప్పుడు ఒంట్లో చేరిందో తెలీదు, చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి కూర్చుంది. కామెర్లొస్తే పసరు పోయించుకోవడమే తప్ప రక్తపరీక్ష మాటెత్తని రోజులవి.

ఇంటికొచ్చాక ఆయనది ఒకటే ప్రశ్న. "ఏరా, జీన్ టెస్టులంటున్నారుగా. మళ్లీ వస్తుందో రాదో చెప్పేస్తాయా? అరెకరం అమ్మైనా చేయిద్దాం."

ఏలూరు వచ్చాక దాని గురించే చదివాను. లివర్ గడ్డల్లో తరచూ పాడయ్యే జన్యువులు టెర్ట్, టీపీ53 వగైరా. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో ఉండే అఫ్లటాక్సిన్ అయితే టీపీ53లో ఫలానా చోటే దెబ్బకొడుతుంది, దొంగ వేలిముద్ర వదిలినట్టు!

నన్ను పట్టేసింది మాత్రం 2008లో హోషిడా అనే డాక్టరు బృందం ప్రచురించిన పరిశోధన. ఆపరేషన్లలో తీసి మైనంలో భద్రపరిచిన ముక్కల్ని వాళ్లు పరీక్షించారు. ముందు జపాన్‌లో 82 మందివి, తర్వాత అమెరికా, యూరప్‌లలో 225 మందివి. గడ్డలోని జన్యువుల తీరు చూస్తే ఎవరు ఎన్నాళ్లుంటారో అంతుబట్టలేదు. గడ్డ పక్కన మిగిలిన లివర్‌లో 186 జన్యువుల తీరు చూస్తే జాడ దొరికింది. కొన్నేళ్లు పోయాక మళ్లీ వచ్చే కేన్సర్ చాలాసార్లు పాత గడ్డ పిలక కాదు. దెబ్బతిన్న లివర్‌లో కొత్తగా పుట్టేది.

బాబాయ్‌కి కైకలూరు దగ్గర లీజు చెరువుంది. అందుకే, "చచ్చిన చేపని తీసి గట్టున పడేస్తావు. నీళ్ల సంగతి చూడవా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "అంటే నా చెరువే పాడైపోయిందంటావ్" అన్నాడు.

ఏం చెప్పను?

తర్వాతిసారి డాక్టరుగారినే అడిగాం. అలాంటి పరీక్షలు లివర్ విషయంలో ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదన్నారు. వచ్చినా 'మీలాంటి వాళ్లలో ముప్పు ఎక్కువ' అనో 'తక్కువ' అనో చెబుతాయట, తారీఖు చెప్పవు. రిపోర్టు ఏదైనా వైరస్‌ని అణిచే మాత్ర రోజూ వేసుకోవాల్సిందే. మూడు నెలలకోసారి స్కానింగు, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష తప్పవు. చేసే పని మారనప్పుడు అరెకరం ఎందుకండీ? నేనైతే వద్దనే అన్నాను.

"నీళ్లు బాగుచేసే మందు ఈ మాత్రేనా?" అని బాబాయ్ అడిగితే, "చాలావరకు" అన్నారాయన.

ఇంకోమాట కూడా అన్నారు. ఈ వైరస్ కాన్పులో తల్లి నుంచి బిడ్డకి రావచ్చు, తోబుట్టువులందరికీ పరీక్ష చేయించమని. మా పిల్లలకి టీకాలు పడ్డాయి. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన టీకా తెచ్చేదాకా, అది ఖరీదైన విదేశీ సరుకే. పెద్దవాళ్లకి ఆ అదృష్టం లేదు.

బాబాయ్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తిట్టి మరీ ఏలూరు రప్పించాడు. నాన్నకి, నాకు లేదు. అత్తకి ఉంది. ఇప్పుడే మాత్రలు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. ఆ తారీఖు బాబాయే క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాడు, తన స్కానింగు తారీఖు కిందే.