గేర్ బాక్సు పోలేదండీ, బ్రేక్ లైట్లు చూడండి

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కే కార్లలో పాత ఆటోమేటిక్ బండ్లు అప్పుడప్పుడూ కనిపిస్తుంటాయి. క్లచ్ గొడవ లేదని ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు కొందరు, మోకాళ్ల నొప్పులతో గేర్ల బండి అమ్మేసినవాళ్లు కొందరు. మీరూ ఆ బాపతే అయితే కాసేపు ఇలా కూర్చోండి.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఏటవాలుగా బండి ఆపారనుకోండి. బొంగు చికెన్ తిన్నారు, ఫొటోలు అయ్యాయి. తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే ఇంజను తిరుగుతోంది గానీ గేర్ రాడ్డు ‘పి’ లోంచి కదలనంటోంది. చుట్టూ చేరినవాళ్లలో ఒక పెద్దమనిషి ఉండనే ఉంటాడు. “బాక్సు పోయిందండీ, దించాల్సిందే” అంటాడు. ఆయనకో దణ్ణం పెట్టి పంపించెయ్యండి.

ఇంజను ఆపి, తాళం ‘ఆన్’లో ఉంచి, బ్రేకు తొక్కి చెవి అటు వెయ్యండి. రాడ్డు కింద ‘టిక్’మని వినిపించిందా? కరెంటు సంగతి బాగానే ఉన్నట్టు. అప్పుడు అనుమానం కొండ వాలు మీద. ‘పి’లో ఉన్నప్పుడు బాక్సు లోపల ఒక కొక్కెం పళ్ల చక్రంలో దిగి బండిని పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా పల్లంలో ‘పి’ వేశారంటే బండి బరువంతా ఆ కొక్కెం మీదే. బ్రేకు మీద కాలు తయారుగా పెట్టుకుని, ఇద్దరి చేత బండిని ఎగువకి కాస్త నెట్టించి, అక్కడే బ్రేకు తొక్కి పట్టుకుంటే రాడ్డు తేలిగ్గా వచ్చేస్తుంది. ఇకనుంచి ముందు ‘ఎన్’, తర్వాత హ్యాండ్ బ్రేకు, బరువు దాని మీదకి వాలాక ‘పి’.

‘టిక్’ రాలేదా? ఎవర్నైనా బండి వెనక నిలబడమని బ్రేకు తొక్కండి. లైట్లు వెలగలేదంటే దొంగ దొరికినట్టే. బల్బులన్నీ ఒకేసారి పోవు కదా! పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్చో, ఫ్యూజో పోయుంటుంది. బ్రేకు తొక్కినట్టు ఆ స్విచ్చు చెబితేనే రాడ్డు తాళం విడుతుంది మరి. కొన్ని బండ్లలో హారన్‌కీ బ్రేక్ లైట్లకీ ఒకటే ఫ్యూజు. హారన్ కూడా మోగలేదంటే ముందు అదే చూడండి. లైట్లు వెలుగుతున్నా ‘టిక్’ రాకపోతే తాళం తీసే కాయిల్ గానీ, దాని వైరు గానీ చూడాలి.

చాలా బండ్లలో రాడ్డు పక్కన బుల్లి మూత ఒకటుంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు తొక్కి, అందులో తాళంచెవి గుచ్చి నొక్కితే రాడ్డు కదులుతుంది. బయటపడ్డాం కదా అని బ్రేక్ లైట్లు వెలగకుండానే మంచులో ఘాట్ దిగిపోకండి. మీరు బ్రేకు వేసినట్టు వెనకొచ్చే బస్సు డ్రైవరుకి తెలీదు. పెడల్ దగ్గరి స్విచ్చుకి పెద్ద ఖరీదేం కాదు. వేయించుకునే కదలండి.

‘పి’లో సెల్ఫ్ తీసుకోకుండా ‘ఎన్’లో తీసుకుంటే రాడ్డు ఏ గేర్లో ఉందో చెప్పే స్విచ్చు మీద కన్నెయ్యండి. బండి ఆపాక తాళంచెవి బయటికి రావడం లేదా? ‘పి’లో పడ్డట్టు రాడ్డు కింది స్విచ్చు చెప్పడం లేదన్నమాట. సుంకరిమెట్టలో కొన్న కాఫీ ఎప్పుడైనా అక్కడ ఒలికిందేమో గుర్తుచేసుకోండి. పంచదార పాకం ఆరితే బంకే.

ఇక బండి మూడో గేర్లోనే ఇరుక్కుని, కదలడానికే మొరాయిస్తే, అది కంప్యూటరు తనంతట తాను తెచ్చుకున్న మొండితనం కావొచ్చు. కరెంటు సరిగా అందకపోయినా అలా చేస్తుంది. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 14 అటూ ఇటూ చూపించాలి. చూపించకపోతే బ్యాటరీ, ఆల్టర్నేటరు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు చూపించుకున్నాకే బాక్సు జోలికి వెళ్లండి.

అన్నట్టు, రాత్రి రిసార్టులో పడుకుని లేచాక ఈ తిప్పలు మొదలైతే మెకానిక్‌కి ఫోన్ చేసేముందు బానెట్ ఎత్తండి. వెచ్చటి ఇంజను మీద ఎలుక కాపురం పెట్టి వైర్లు కొరికేసి ఉండొచ్చు.