మిస్సమ్మలో అమ్మ

‘మిస్సమ్మ’ అనే మాట దగ్గర ఎప్పుడైనా ఆగి ఆలోచించారా? 1955లో వచ్చిన సినిమా వల్ల ఆ మాట వినగానే మనకి సావిత్రి గుర్తొస్తుంది. కానీ అంతకు ముందే మిషన్ కాంపౌండ్లలో వాడుకలో ఉన్న మాట అది. ‘మిస్’ అంటే పెళ్లి కాని మనిషి. ‘అమ్మ’ అంటే అమ్మే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయని ఎవరూ అడిగినట్టు లేదు. పెళ్లి చేసుకోకుండా సముద్రాలు దాటి వచ్చి, బడిలోనో ఆసుపత్రిలోనో బతుకంతా గడిపేసిన తెల్ల ఆడవాళ్లను ఏమని పిలవాలి? మనవాళ్లు ఒక ఇంగ్లీషు ముక్కకి ఒక తెలుగు ముక్క అతికించి పిలిచేశారు. సినిమాలో కూడా చూడండి, తిరునాళ్లలో తప్పిపోయిన మహాలక్ష్మిని తెచ్చుకుని మేరీగా పెంచింది ఒక క్రైస్తవ దంపతులు. కనని వాళ్లు పెంచడం అనే సంగతి ఆ కథకి పునాది.

మాది దేవరకొండ. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, మాల్ దాటి, మల్లేపల్లి దగ్గర తిరిగితే వస్తుంది. బయటివాళ్లకి పద్మనాయకుల కోట తెలుసు, కరువు తెలుసు. మా ఇంట్లో మాత్రం ఊరి చరిత్ర మిషన్ బడితో మొదలవుతుంది.

ఇటువైపు వచ్చిన వాళ్లు మెన్నొనైట్లు. ఆయుధం పట్టకూడదని నమ్మే శాఖ. గోధుమలు పండించుకునే రైతు కుటుంబాలు. రష్యా నుంచి ఏబ్రహాం ఫ్రీజన్, మరియా దంపతులు 1889లో వచ్చి, బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లు నాగర్‌కర్నూల్, శంషాబాద్, వనపర్తి, దేవరకొండ... ఇలా నిజాం రాజ్యం దక్షిణాన వరుసగా స్టేషన్లు పెట్టారు. దేవరకొండలో గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో జె.హెచ్. వోత్ దంపతులు పనిచేశారు.

వీళ్లందరిలో నన్ను వదలని మనిషి డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో అమెరికాలోని కాన్సాస్‌కి వలసపోయింది. పద్నాలుగేళ్ల వయసులో తల్లి పోతే, ఇంట్లో పెద్దపిల్లగా చిన్నవాళ్లని చూసుకుంది. తర్వాత వైద్యం చదివి 1907లో ఇక్కడికి వచ్చింది. చివరి ఏళ్లు శంషాబాద్ ఆసుపత్రిలో పనిచేసి, 1945 జనవరి 1న పోయింది. మనం తెల్లవారుజామున క్యాబ్ ఎక్కి, విమానం తప్పిపోతుందేమోనని గడియారం చూసుకుంటూ పోయే శంషాబాద్ అదే. పెళ్లి లేదు, పిల్లల్లేరు. కానీ తన పద్నాలుగో ఏట మొదలైన తల్లితనం ఆమెకు చివరిదాకా తప్పలేదు.

ఈ ‘కనని తల్లితనం’ వెనక ఒక పాత ఉత్తరం ఉంది. థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, రెండో అధ్యాయం. క్రీస్తు శకం 50 ప్రాంతంలో రాసింది. కొత్త నిబంధనలో అతి పాతవాటిలో ఒకటి. అందులో పౌలు తనను పాలిచ్చే తల్లితో పోల్చుకుంటాడు. కొన్ని వాక్యాల తర్వాత తండ్రితో పోల్చుకుంటాడు. విశ్వాసిగా కాకుండా మామూలు పాఠకుడిగా చదివినా ఆ అధ్యాయంలో ఆశ్చర్యపరిచేది ఒకటి ఉంది. ఆ రెండు పోలికల మధ్యలో ఆయన తన ఖర్చుల లెక్క పెట్టాడు. మీ మీద భారం పడకూడదని రాత్రింబగళ్లు కష్టపడి పనిచేశానని గుర్తుచేస్తాడు. డేరాలు కుట్టడం ఆయన వృత్తి. అంటే ప్రేమకి ఆయన పెట్టుకున్న కొలత కన్నీళ్లు కాదు, ఎవరి డబ్బు ఎవరి మీద ఖర్చయింది అన్నది. కొరింథీయులకి రాసిన రెండో పత్రికలో ఇంకా సూటిగా చెప్తాడు: కూడబెట్టాల్సింది తల్లిదండ్రులు, పిల్లలు కాదు.

ఆ కొలత మన నేల మీద ఒకసారి గట్టిగానే పరీక్షకు వచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదు, అలా మారకూడదు కూడా. కరువు సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్రలో ఆ అంకె నిలిచింది. నాకు మాత్రం ‘ఇప్పుడు కాదు’ అని ఆపిన ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. బిడ్డకి అన్నం పెట్టి, బదులుగా ఏమీ అడగకపోవడం తల్లిదండ్రుల పని.

అయితే ఇక్కడే నాకొక ఇబ్బంది ఉంది. తెలంగాణలో ‘దొర’ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. వెట్టి చేయించుకున్న గడీ దొర. తెల్ల మిషనరీని కూడా మనవాళ్లు ‘దొర’ అనే పిలిచారు, ఆయన భార్యని ‘దొరసాని’. గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకున్న మాల మాదిగల పిల్లల్ని ఈ దొర బెంచీ మీద కూర్చోబెట్టి పలక ఇచ్చాడు. తేడా చిన్నది కాదు. కానీ పిలుపు మారలేదు. ఈరోజుకీ పాస్టర్‌ని ‘అయ్యగారు’ అంటాం. తండ్రి ప్రేమకీ తండ్రి పెత్తనానికీ మధ్య ఉన్న గోడ చాలా పల్చన. పిల్లవాడు ఎప్పటికీ పెద్దవాడు కాకూడదనుకునే తండ్రి, ఎంత ప్రేమించినా, పెంచినట్టు కాదు.

రెండో ఇబ్బంది ఇంకా దగ్గరిది. మన ఊళ్లలో పిల్లల్ని బోర్డింగ్‌లో చేర్చుకుని పెంచిన మిషనరీలు, తమ సొంత పిల్లల్ని కొడైకనాల్ పంపేవాళ్లు. మిషనరీల పిల్లల కోసం అక్కడ 1901లో బడి పెట్టారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అమ్మానాన్నలు లేకుండానే. దేవరకొండ పిల్లలకి దొరసాని జోల పాడుతుంటే, దొరసాని పిల్లలు కొండమీద చలిలో ఎవరి పాట వింటూ పడుకున్నారో!

మా అమ్మమ్మ దేవరకొండ మిషన్ బోర్డింగ్‌లో అయిదో తరగతి దాకా చదివింది. బొట్లుబొట్లుగా చదవడం వచ్చాక బైబిల్ స్త్రీ అయింది. చేతిసంచీలో పుస్తకం, కాస్త ఆముదం, పాత గుడ్డలు వేసుకుని ఊరూరా, తండా తండా తిరిగేది. ప్రార్థన చేసేది, కాన్పులు చేసేది, తగాదాలు తీర్చేది. జీతం అని చెప్పుకునేంత ఏమీ లేదు. ఆమె పిల్లలు, అంటే మా అమ్మా మామలూ, హాస్టళ్లలో పెరిగారు. మా అమ్మ మాట: “అందరి పిల్లలకు తల్లైంది. మమ్ముల మాత్రం హాస్టల్ల వడేసింది.” ఇది ఆమె నవ్వుతూ చెప్పదు.

అమ్మమ్మ పోయినప్పుడు చందంపేట వైపు తండా నుంచి ఒక లంబాడా ఆమె వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తొంభైల చివర్లో మా వైపు తండాల్లో ఆడపిల్లల్ని పుట్టగానే ఇచ్చేసే, అమ్మేసే రోజులు మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఆమెకి మూడోసారీ ఆడపిల్లే పుట్టింది. ఇంట్లో ఇచ్చేద్దామన్నారు. అమ్మమ్మ ఆ గుడిసెలో మూడు రాత్రులు కూర్చుందట. బైబిల్ చదవలేదు, బోధించలేదు. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఎత్తి తల్లి ఒడిలో పెట్టిందట. మూడో రాత్రి తల్లి తనంత తానే రొమ్ము అందించింది. నాలుగో రోజు అమ్మమ్మ లేచి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కాలేదు.

పౌలు చెప్పిన పాలిచ్చే తల్లి పోలిక నాకు అర్థమైంది అప్పుడే. అమ్మమ్మ ఆ బిడ్డకి అమ్మ కాలేదు. అమ్మని అమ్మగా నిలబెట్టి పక్కకి జరిగింది. ‘దొర’కి ‘తండ్రి’కి తేడా బహుశా అక్కడే ఉంది, ఎప్పుడు లేచి వెళ్లిపోవాలో తెలియడంలో.

ఇది చెప్పి మా అమ్మ కోపం కరిగిపోయిందని రాస్తే కథ బాగుంటుంది. కరగలేదు. నిస్వార్థమైన ప్రేమ అంటాం గానీ, ఆ ప్రేమకయ్యే ఖర్చులో కొంత ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది, అదీ వాళ్లని అడక్కుండా. మిషనరీల జీవితకథలు రాసేవాళ్లు కొడైకనాల్ పేజీని కూడా రాయాలి. ఆ పేజీ రాస్తే వాళ్లేం చిన్నవాళ్లు కారు.

ఆరోజు అమ్మ ఆ లంబాడా ఆమె చెప్పిందంతా విన్నది. ఏమీ అనలేదు. కాసేపటికి చాయ్ తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని ఒక్కటే అడిగింది: “ఆ పిల్ల ఇప్పుడేం చదువుతుంది?”