అటుకమీఁది కంప్యూటరు

దువ్వూరులోని మా యింటి యటుకపైఁ బాత కంప్యూటరొకటి పదునైదేండ్లు పడియుండెను. మొన్న పాతసామానులవాఁడు దానిని తూకమునకుఁ గొనెదననెను. రాగికై తీఁగెలను గాల్తురని విని మేమీయమైతిమి. ఆ పొగ యూపిరికి విషము. ఆ లావుపాటి తెర గాజులో సీసమున్నది. కె.సి. కాలువగట్టునఁ బాఱవేయ మనసొప్పునా?

అంతకు మించిన చింత మఱియొకటి. గతించిన మా యత్తగారు పాడిన మంగళహారతి యందే యున్నది. బ్యాంకు లెక్కలును గలవు. చెఱిపితిమనుకొన్నను అవి హార్డు డిస్కులో నిలిచియే యుండవచ్చునఁట! అబ్బాయి హారతిని వేఱొకచోఁ జేర్చి, డిస్కు నూడఁదీసి మా చేతికిచ్చెను.

సోదరీమణులారా, 2022 నాటి ఈ-వ్యర్థముల నియమములు 2023 ఏప్రిలు 1 నుండి యమలులో నున్నవి. ఇట్టి సామాను నమోదైన రీసైక్లింగు సంస్థకే చేరవలెను. కంపెనీవారి సేకరణ కేంద్రమునకుఁ బంపుటకై మూటఁ గట్టితిమి. డిస్కు మాత్రము బీరువాలోఁ బట్టుచీరల నడుమ నున్నది.